రేకు మీద చెరుకాకు

ఎవరైనా కొత్త ఇంటికి పిలిస్తే ఆడవాళ్లు ముందు వంటిల్లు చూస్తారు. నేను తలెత్తి పైకప్పు చూస్తాను. తర్వాత తలుపులు ఎన్ని ఉన్నాయో, అవి లోపలికి తెరుచుకుంటాయో బయటికో చూస్తాను. "ఏంది, బల్లి గిట్ల ఉన్నదా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు మాత్రం ఒక ఇంట్లో కూర్చోవాలంటే ఆ ఇల్లు ఎట్లా కాలుతుందో ముందు తెలియాలి. అది తెలిస్తేనే టీ గొంతు దిగుతుంది.

ఈ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టుకుంది. నిజామాబాదులో మేము అద్దెకున్నది పెంకుటిల్లు. అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు వాకిట్లో చాటలు ముందేసుకుని బీడీలు చుట్టేవారు. ఏడో తరగతితో బడి మానేశాక నేను కూడా ఒక చాట ముందు కూర్చున్నాను. అంతకు ముందు, నేను ఇంకా పావడా కట్టుకునే రోజుల్లో, ఒక ఎండాకాలం మా గల్లీ చివరి గుడిసెలు అంటుకున్నాయి. గడ్డి కప్పులు కాలడం నేను చూడనే లేదు, అంత తొందరగా అయిపోయింది. నేను చూసింది వాటి పక్కనున్న పెంకుటిల్లు కాలడం. పెంకులు కాలవు కదా అని అందరూ ధైర్యంగా నిలబడ్డారు. పెంకుల కింద వాసాలున్నాయి, వెదురు తడకలున్నాయి, పిచ్చుక గూళ్లున్నాయి. లోపల్లోపలే రాజుకుని, పెంకులు పేలాల్లా టపటపా పేలి జనం మీద పడ్డాయి. మా బాపు నన్ను చంకనేసుకుని పరుగెత్తాడు. ఆ రాత్రి నుంచి మా ఇంటి పెంకుల కింద ఏమేం కట్టెలున్నాయో లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని.

అందుకే సంబంధం వచ్చిందనగానే అమ్మను పక్కకు పిలిచి అడిగాను, "వాళ్లది ఏం ఇల్లే?" అని.

"మంచిల్లే. పోరడు మంచోడు. బండి ఉన్నది, ఎడ్లున్నయ్, చెరుకున్నది. ఇంకేం గావాలె నీకు?"

"పైన ఏమున్నదే అమ్మా?"

"పైన దేవుడున్నడు!" అని నెత్తి మీద ఒకటి మొట్టింది.

పెళ్లయి, బోధన్ అవతల అత్తగారి ఊళ్లో బండి దిగి చూస్తే పైన ఉన్నది చెరుకాకు. గోడలు మట్టివి, కప్పు మాత్రం ఎండి గలగలలాడే చెరుకాకు. నా కాళ్లు వాకిట్లోనే ఆగిపోయాయి. కొత్తకోడలు సిగ్గుపడుతోందని అందరూ మురిసిపోయారు.

తప్పు పట్టడానికి లేదు. చెరుకు పండే ఊళ్లో ఆకు ఊరికే దొరుకుతుంది. ఊళ్లో సగం ఇళ్లు అవే. కాస్త కలిగినవాళ్లవి పెంకుటిళ్లు. మా పక్కిల్లు ఒక్కటి మట్టిమిద్దె. మొద్దు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా పేర్చిన కర్రలు, కర్రల మీద ఆకులు, ఆపైన మట్టి, అన్నిటి మీదా వాన దిగకుండా చవుడు మట్టి. అంత బరువు మోయాలి కాబట్టి గోడలు మూరెడు మందం. కిటికీలు లేవు, ఒక్క పొట్టి తలుపు. అందులో ఒక ముసలవ్వ ఒంటరిగా ఉండేది. మా అత్తకూ ఆ అవ్వకూ మాటల్లేవు. మిద్దె మీది వాన నీళ్లు మా గోడ మీద పడుతున్నాయని ఎప్పుడో జరిగిన లొల్లి. మాటల్లేవు అంటే నోరు మూసుకుని ఉంటారని కాదు. ఈమె బర్రెతో అన్నట్టుగా ఆమెను అంటుంది, ఆమె కోడితో అన్నట్టుగా ఈమెను అంటుంది. నాకు నవ్వాగేది కాదు.

నిప్పు భయం ఊరికీ లేకపోలేదు. ఎండలు ముదిరితే డప్పు కొట్టి చాటేవారు, పొద్దెక్కినంక పొయ్యిలు ముట్టియ్యొద్దని. తెల్లారగట్లే రొట్టెలు కాల్చుకుని పొయ్యిలో నీళ్లు చల్లేవాళ్లం. గాలి లేవకముందే చెరుకు నరికిన మళ్లలో ఆకు తగలబెట్టేవారు, మోడులు మళ్లీ చిగురెత్తాలని. అందరికీ అన్నీ తెలుసు. అయినా నాకు నిద్ర పట్టేది కాదు.

మా ఆడబిడ్డ తొలికాన్పుకు వస్తుందని తెలియగానే నా భయం రెండింతలైంది. నాకంటే చిన్నది, చామంతి పువ్వులాంటి పిల్ల. బాలింతంటే కుంపటి పెట్టాలి, పొగ వేయాలి, నీళ్లు కాచాలి. అంత నిప్పూ ఆ చెరుకాకు కిందే. మా ఆయన ఎడ్లకు కుడితి పెడుతుంటే వెంట పడ్డాను.

"రేకులు తెద్దాం."

"నీకు నిప్పంటే గింత భయమేందే? నిప్పు లేకుంటే బువ్వెట్ల ఉడుకుతది?"

"బువ్వ ఉడకాలె గని పిల్ల ఉడకద్దు గదా."

ఆయన నవ్వాడు. కానీ చెల్లెలంటే ప్రాణం. చెరుకు పైసలు చేతికి రాగానే బోధన్ నుంచి బండి మీద రేకులు తెచ్చాడు. గుడిసె గోడకే ఆనించి, ఒక గోడ కలిసొస్తుందని, చిన్న అర్ర కట్టాడు. కప్పు కింద వెదురు బొంగులు, వాటి మీద రేకులు. ఎండకు ఆ రేకులు మెరిసిపోతుంటే ఊళ్లో వాళ్లు వచ్చి వేళ్లతో కొట్టి చూసిపోయారు. ఇనుప ఇల్లు! ఇక నిప్పు వచ్చి ఏం చేస్తుంది? నేను కూడా అట్లాగే అనుకున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి పగలు కూడా కునుకు తీశాను.

మగపిల్లాడు పుట్టాడు. తల్లీ పిల్లాడూ రేకుల అర్రలోనే. హోలీ దగ్గరపడేసరికి ఎండ మండిపోయింది. మధ్యాహ్నానికి ఆ అర్ర రొట్టె కాల్చే పెనమే. పిల్లాడి ఒళ్లంతా చెమటకాయలు. ఆడబిడ్డ కొంగుతో విసురుకుంటూ ఏడ్చేది. గోడ అవతల నుంచి అవ్వ గొంతు వినిపించేది.

"ఓ కోడీ, గా రేకుల కాడికి పోకే. గుడ్డు కడుపులనే ఉడుకుతది!"

మా అత్త బర్రె వీపు తట్టి గట్టిగా అనేది, "మట్టి కింద పండేటోళ్ల నెత్తి మీద తేళ్లు పడ్తయే బర్రే. నువ్వు రంది వెట్టుకోకు."

అని ఊరుకోలేదు. ఒకరోజు నేను బావి నుంచి వచ్చేసరికి రేకుల మీద ఇంత మందాన చెరుకాకు పరిచి ఉంది, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి. మా అత్త చేతులు దులుపుకుంటోంది. లోపలికి వెళ్లి చూస్తే నిజంగానే చల్లగా ఉంది. బోధన్ వైపు రేకులున్న వాళ్లందరూ అట్లాగే పరుస్తారట.

"అత్తమ్మా, గిదేంది? ఆకు వద్దని గదా రేకులేసుకున్నది!"

"ఆకు కింద ఉంటే భయం. గిది పైనున్నది. అంటుకున్నా పైన్నే కాల్తది. మధ్యల ఇనుము అడ్డమున్నది. ఇనుము కాల్తదానే, పిచ్చిదాన?"

"మరి రొట్టె ఎట్ల కాల్తున్నది? కింద మంట, మధ్యల ఇనుప పెనం, పైన రొట్టె. గిక్కడ మంట పైనుంటది, రొట్టెలు మనమైతం!"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టింది. "పట్నం పిల్లకు నోరెక్కువ. పసిగుడ్డు ఎండకు మాడుతున్నడు, గది కనబడ్తలేదు గని రాని మంట కనబడ్తున్నది." ఆడబిడ్డ లోపలి నుంచి, "చల్లగున్నది వదినా, ఉండనియ్యి" అంది. పిల్లాడు ఆ పూట హాయిగా నిద్రపోయిన మాట కూడా నిజమే.

మా ఆయన వస్తే చెప్పి తీయిద్దామనుకున్నాను. ఆయన వచ్చి, గడప బయటి నుంచే పిల్లాడి వీపు మీది చెమటకాయలు చూసి, "ఇంకొన్ని దినాలే గదా" అన్నాడు. అన్న మరునాడే ఊళ్లో మగవాళ్లందరితో పాటు చెరుకు బండి కట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. అక్కడ బండ్ల వరుస ఎంత ఉంటే అంత ఆలస్యం. వంతు వచ్చేదాకా బండి కిందే వంట, బండి కిందే పడక. ఊళ్లో ఆడవాళ్లం, ముసలివాళ్లు, పిల్లలు మిగిలాం.

ఆ పొద్దు ఒక రైతు, చివరగా నరికిన మడిలో ఆకు తగలబెట్టాడు. తెల్లవారుజామునే పెట్టాడు, పద్ధతి తప్పలేదు. కానీ మంచుకు తడిసిన ఆకు కిందకిందే పొగలేస్తూ ఉండిపోయింది. ఆరిందనుకుని వెళ్లిపోయాడు. పొద్దెక్కాక గాలి లేచింది.

నాకు మొదట వాసన తగిలింది. చెరుకాకు కాలితే కొంచెం తీపి వాసన వస్తుంది. ఆ కాలంలో అది రోజూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. నేను పిల్లాడి గుడ్డలు పిండుతున్నాను. ఆరేసిన తెల్లటి గుడ్డ మీద నల్లటి బూడిద ముక్క వచ్చి పడింది, కాకి ఈకలాగా. దులిపాను. ఇంకోటి పడింది. దాని అంచున ఎర్రగా ఉంది.

తల ఎత్తేసరికి గల్లీ ఆ చివర ఒక గుడిసె మీద పొగ. "అంటుకున్నదిరో!" అని ఎవరో అరిచారు. అంతే, ఒక కప్పు మీది నుంచి ఇంకో కప్పు మీదికి కోతి దూకినట్టు దూకింది మంట. మా అత్త బర్రె తాడు కోసి తరిమింది. నేను రేకుల అర్ర వైపు పరుగెత్తాను. నేను చేరేలోపే మా రేకుల మీది ఆకు భగ్గుమంది.

మా అత్త నా కంటే ముందు వెళ్లి తలుపు దగ్గరికి వేసి, అడ్డంగా నిలబడింది. "బయట నిప్పులు కురుస్తున్నయ్. బాలింతను ఎటు తీస్కపోతవ్? ఇనుము కింద ఉన్నది, ఏం గాదు!" ఆమె మొండితనంతో అనలేదు. కళ్ల నిండా నీళ్లు. కూతురిని కాపాడేది ఆ ఇనుమొక్కటేనని నమ్మింది.

లోపలి నుంచి ఆడబిడ్డ కేక, "వదినా! పైన ఎవలో నడుస్తున్నరు!"

నడిచేవాళ్లెవరూ లేరు. వేడికి రేకులు వంగుతూ టంగు టంగుమంటున్నాయి. అత్తను తోసుకుని లోపలికి దూరాను. ముఖానికి పొయ్యి సెగ కొట్టినట్టయింది. రేకుల మీది మంట ఒక్కటి కూడా లోపలికి రాలేదు, ఆ మాట నిజం. కానీ రేకులను ఆనుకున్న వెదురు బొంగులు నల్లబడి, వాటంతట అవే పొగ చిమ్ముతున్నాయి. గుడిసె వైపు గోడ పైనుంచి కూడా పొగ దిగుతోంది. పిల్లాడు ఏడవడం లేదు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు.

"లేవే! లేచి నడువు!"

"యాడికి వదినా?"

అదే కదా. యాడికి? గుడిసె కాలుతోంది. గల్లీ కాలుతోంది.

"ఓ పట్నం పిల్లా! బాలింతను తీస్కొని నా ఇంట్లకు రా!" బయట గోడ మీదుగా తలెత్తి అవ్వ అరుస్తోంది.

అంత మంటలోనూ మా అత్త ఏమందో తెలుసా? "పురుడు పోలేదు. మైల. ఆమింట్ల దేవుడున్నడు!"

"దేవునికి నేను జెప్పుకుంట! నువ్వు తొవ్వల నుంచి జరుగు, పెద్ద శెప్పొచ్చినవ్!" అంది అవ్వ. బర్రె ద్వారా కాదు, కోడి ద్వారా కాదు. నేరుగా.

మా అత్త జరిగింది. జరగడమే కాదు, గొంగడి తీసి బర్రె కుడితి తొట్టిలో ముంచి తెచ్చి కూతురి నెత్తి మీద కప్పింది. నేను పిల్లాడిని జాకెట్టుకు అదుముకుని, ఇద్దరం ఆమెను చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. మా వాకిలికీ అవ్వ వాకిలికీ ఎంత దూరమని? కానీ ఆడబిడ్డ అడుగులో అడుగు వేస్తోంది, పై నుంచి నిప్పులు పడి తడి గొంగడి మీద సుయ్యిమంటున్నాయి. మా వెనకాల ఏదో పెద్దగా మూలిగినట్టు చప్పుడైంది. తిరిగి చూడలేదు.

అవ్వ ఇంట్లోకి వంగి దూరాం. ఆమె తలుపు వేసి, తలుపు కింది సందులో తడి గోనెసంచి కుక్కి, తలుపు చెక్కల మీద చెంబుతో నీళ్లు కొట్టింది. లోపల చీకటి, బావిలో దిగినంత చల్లదనం. ఆడబిడ్డ మట్టినేల మీదే కూలబడింది. నేను మాత్రం పైకి చూస్తున్నాను. చీకట్లో దూలాలు లీలగా కనిపిస్తున్నాయి. అవీ కట్టెలే కదా. ఇంత నమ్మిన ఇనుమే అట్లా చేస్తే, దీన్నెట్లా నమ్మేది?

"అవ్వా, పైన నిప్పులు పడ్తున్నయ్ గదా?"

"పడనియ్యి. మట్టి మీద నిప్పు పడితే ఏమైతది? మట్టి కుండైతది."

"మరి దూలం?"

"దూలం అంటుకుంటే గింత మట్టీ మన నెత్తుల మీద పడ్తది, అబద్ధమెందుకు? గందుకే కిందికెల్లి నిప్పు రానియ్యొద్దు. అటు సూడకు, తలుపు సూడు. తలుపు మీద నీళ్లు పొయ్యి." అని చెంబు నా చేతిలో పెట్టింది.

పోస్తూనే ఉన్నాను. తలుపు అవతలి వైపు వేడెక్కుతుంటే ఇవతల ఆవిరి లేచేది. కుండలో నీళ్లు అడుగంటాయి. మా అత్త మజ్జిగ కుండ పట్టుకుని అవ్వ ముఖంలోకి చూసింది. అవ్వ తల ఊపింది. అది కూడా పోశాం. గోడ మీద చెయ్యి పెట్టి పెట్టి చూశాను. గోడ చల్లగానే ఉంది. ఎంత సేపు గడిచిందో తెలియదు. చివరికి బయట మంటల హోరు పోయి, మనుషుల ఏడుపులు వినిపించాయి.

తలుపు తెరిస్తే ఎదురుగా మా గుడిసె లేదు, గోడలున్నాయి. రేకుల అర్ర మీద వెదురు విరిగి, రేకులు అప్పడాల్లా ముడుచుకుని మంచం మీద పడి ఉన్నాయి. మంచం మీద. నేను ఆడబిడ్డను చూడనివ్వలేదు. ఊళ్లో మనుషులు దక్కారు, అదే పుణ్యం. పగలు కాబట్టి దక్కారు.

కానీ మా భయం అక్కడితో తీరలేదు. పిల్లాడు రొమ్ము పట్టలేదు. పొగ మింగాడో, తల్లి గుండె అదిరి పాలు ఆగిపోయాయో. రొమ్ము నోట్లో పెడితే రెండు పెదాలు ఆడించి వదిలేస్తాడు. ఏడుపు కూడా గట్టిగా రాదు, పిల్లి కూనలా. ఇల్లు పోయింది, గరిసెలో వడ్లు పోయాయి, ఆ పూట వాటి గురించి మాలో ఒక్కరూ మాట్లాడలేదు. అవ్వ వత్తికి ఆముదం రాసి పిల్లాడి ముక్కులోని మసి తీసింది. మా అత్త కూతురి వీపు నిమురుతూ కూర్చుంది. నిన్నటిదాకా గడప తొక్కని ఇంట్లో ఇవాళ పొయ్యి ఊదింది, అవ్వ దగ్గర జొన్నపిండి అడిగి అంబలి కాచి కూతురికి తాగించింది. తెల్లవారింది. పిల్లాడు అట్లాగే ఉన్నాడు. గుక్కెడు నీళ్లతో పెదాలు తడుపుతున్నాం.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళ మా ఆయన వచ్చాడు. కబురు ఫ్యాక్టరీ దగ్గర అందిందట. బండి ఎవరికో అప్పజెప్పి నడిచి వచ్చాడు. ముందు వంగిపోయిన రేకుల దగ్గర నిలబడ్డాడు. తర్వాత అవ్వ గడప దాకా వచ్చి, "చెల్లె!" అన్నాడు. అవ్వ తలుపుకు అడ్డంగా చెయ్యి చాపింది. "పురిటింట్లకు మొగోడు రావద్దు. గాడ్నే కూసో."

ఆడబిడ్డ అన్న గొంతు వినగానే ఏడ్చింది. అప్పటిదాకా ఆ పిల్ల ఏడవనే లేదు, బొమ్మలాగా కూర్చుంది. ఎక్కిళ్లు పెట్టి పెట్టి ఏడ్చింది. ఏడుస్తుండగానే రవిక తడిసింది. అందరికంటే ముందు చూసింది మా అత్త. గబుక్కున పిల్లాడిని అందుకుని రొమ్ముకు పెట్టింది. వాడు ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ పెట్టింది. అవ్వ వాడి దవడ కింద వేలితో మెల్లగా తట్టింది.

పట్టాడు. వదిలేశాడు. మళ్లీ పట్టాడు. గుటక పడిన చప్పుడు వినిపించింది, చిన్నగా. ఇంకోటి.

"ఏమైంది? అందరు సప్పుడు జేస్తలేరేంది?" బయటి నుంచి మా ఆయన కంగారు పడిపోతున్నాడు. "ఎవలన్నా జెప్పుండ్రి!"

"ఊకో!" అన్నాం ముగ్గురం ఒక్కసారే.